నాయన చదవడానికి జీవ పరిణామం మీద ఒక పుస్తకం చెప్పండి

బురుజుకాడ (కర్నూలు) – ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. పోయిన ఏడాది దసరా సెలవుల్లో రిచర్డ్ డాకిన్స్ 2006లో తెచ్చిన 'ద గాడ్ డెల్యూజన్' చదివాను. నాలుగు రోజుల్లో అయిపోయింది. చిన్నప్పటినుంచి లోపల నలుగుతున్న అనుమానాలన్నిటికీ ఎవరో మాటలు ఇచ్చినట్టు అనిపించింది. ఆ వేడిలో ఉండగానే ఇంట్లోవాళ్ళతో అహోబిలం వెళ్ళాల్సి వచ్చింది. నాయన ఏటా వెళ్తాడు, ఆయన మొక్కు అది. దిగువ అహోబిలంలో అందరూ కారు దిగారు, నేను దిగలేదు. "రాయికి దండం పెట్టడానికి నేను రాను" అన్నాను. అమ్మ, చెల్లెలు, బావ, అందరి ముందరా. నాయన ఏమీ అనలేదు. తిరుగు దారిలో ఆళ్ళగడ్డలో టీకి ఆగినప్పుడు నా గ్లాసు ఆయనే తెచ్చి ఇచ్చాడు. నా మొహం మాత్రం చూడలేదు. ఆ తర్వాత మూడు నెలలు మాట్లాడలేదు.

నాయన ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. నాకు అక్షరాలు వచ్చింది బస్సు బోర్డుల మీదే. నంద్యాల, డోన్, పత్తికొండ, ఎమ్మిగనూరు అని వేలుపెట్టి చదివించేవాడు. ఇప్పటికీ పేపరు తెరిస్తే టెండరు ప్రకటనలు కూడా వదలడు.

పోయిన వారం అన్నం తింటూ ఉన్నట్టుండి అన్నాడు: "ఆ బుక్కులో ఏముందో నాకూ చెప్పురా. నా కొడుకును నాకు కాకుండా చేసింది కదా, తెలుసుకుంటా." నేను సంతోషంగా పరిణామం గురించి మొదలుపెట్టాను. ఆయన ఒకే ప్రశ్న వేశాడు. "కోతి నుంచి మనిషి వచ్చింటే, అహోబిలం కొండలో కోతులు ఇంకా ఎందుకుండాయి?"

నా దగ్గర జవాబు లేదు. దేవుడు లేడని అంత గట్టిగా చెప్పినవాణ్ణి, ఆ గట్టిదనానికి పునాది అనుకున్న విషయం మీద ఒక్క పుస్తకం కూడా సరిగా చదవలేదని అప్పుడు తెలిసింది. తెలుగులో నాయన చదవగలిగినది ఒకటి, ఇంగ్లీషులో నేను చదవాల్సినది ఒకటి చెప్పండి. ముందు పరిణామం చదవాలా, నాస్తికత్వం చదవాలా అన్నది కూడా.

టవర్‌క్లాక్ (అనంతపురం) – ఆదివారం, రాత్రి 10:25

తమ్ముడూ, ముందు మీ నాయన ప్రశ్న చూద్దాం. ఆ ప్రశ్నలోనే చిక్కుంది. ఇప్పటి కోతి మనకి తాత కాదు, దాయాది. చింపాంజీకీ మనకీ కలిసిన పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కిందట ఉండేవాళ్ళు. అక్కడ వంశం చీలింది. కోతులతో మన చీలిక అంతకన్నా చాలా పాతది. మీ చిన్నాయన కొడుకులకీ మీకూ అబ్బ ఒకడే కదా. మీరు కర్నూలులో స్థిరపడ్డారని ఊళ్ళో ఉన్న దాయాదులు మాయమైపోలేదు. వాళ్ళ బతుకు వాళ్ళది, మీ బతుకు మీది. కండక్టరుగా ఊళ్ళన్నీ తిరిగిన మనిషికి ఇది ఒక్క నిమిషంలో అందుతుంది.

తెలుగులో మొదటి పుస్తకం, ఆలోచించకుండా చెప్తాను: నండూరి రామమోహనరావు గారి 'నరావతారం'. ఆయన పత్రికా సంపాదకుడు. రోజూ మామూలు పాఠకుడి కోసం రాసిన చెయ్యి కాబట్టి వాక్యం ఎక్కడా తట్టుకోదు. నేను తొమ్మిదో తరగతిలో జిల్లా గ్రంథాలయంలో నేల మీద కూర్చుని చదివాను. అట్ట ఊడిపోయి ఉండేది, మొదటి ఆరు పేజీలు లేవు. ఏడో పేజీ నుంచి చదివినా వదల్లేకపోయాను. దాని తర్వాత కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారి 'మానవ పరిణామం'. ఆయన అణుశాస్త్రవేత్త, సితార్ కళాకారుడు. తెలుగులో సైన్సు రాయడానికి తెలుగుని వంకర తిప్పాల్సిన పనిలేదని చూపించినవాళ్ళలో ఆయన ముందుంటారు.

ఒక జాగ్రత్త. నండూరి వారి పుస్తకం పాతది. జీనోమ్ (ఒక జీవి మొత్తం జన్యు సమాచారం) చదవడం, కొత్త శిలాజాలు, అవన్నీ తర్వాత వచ్చాయి. అందుకే మీరు నీల్ షూబిన్ 2008లో రాసిన 'యువర్ ఇన్నర్ ఫిష్' చదవండి. ఆయన బృందానికి 2004లో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో టిక్టాలిక్ అనే చేప శిలాజం దొరికింది. సుమారు 37 కోట్ల 50 లక్షల ఏళ్ళ నాటిది. దాని రెక్కలో భుజం, మోచెయ్యి, మణికట్టు లాంటి ఎముకలున్నాయి. ముఖ్యం ఏమిటంటే అది అనుకోకుండా దొరకలేదు. నీళ్ళ నుంచి నేలకి జీవులు వచ్చిన కాలం ఇది, ఆ కాలపు రాళ్ళు ఫలానా చోట బయటపడి ఉన్నాయి అని లెక్కేసుకుని వెళ్ళి ఏళ్ళ తరబడి వెతికారు. లెక్కల మాస్టారికి ఈ భాగం బాగా నచ్చుతుంది.

పత్తిచేను (ఆదోని దగ్గర) – సోమవారం, ఉదయం 5:50

సార్, నేను పెద్దగా చదువుకోలేదు, ఇంటర్‌తో ఆగిపోయినాను. కానీ ఈ పరిణామం నాకు పుస్తకంలో కంటే ముందు చేన్లో కనపడింది. అది రాస్తాను, మీ నాయనకి చదివి వినిపించండి.

మన దేశంలో బీటీ పత్తికి, అంటే పురుగుని చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు కలిపిన పత్తికి, 2002లో అనుమతి ఇచ్చారు. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. మొదట్లో నిజంగానే పురుగు మందు ఖర్చు తగ్గింది. విత్తనం డబ్బాతో పాటు ఒక చిన్న పాకెట్ ఇచ్చేవాళ్ళు, 120 గ్రాములు, నాన్ బీటీ. చేను చుట్టూ సాళ్ళు వేయమనేవాళ్ళు. మేం ఎవరం వేయలేదు. పురుగు తినే మొక్కని చేతులారా ఎవరు నాటుకుంటారు? చాలామంది గట్టు మీద పారేశారు, మేమూ అంతే.

కొన్నేళ్ళకి చేన్లో గుడ్డి పూలు కనపడ్డాయి. పువ్వు విచ్చుకోదు, రెక్కలు మెలితిరిగి గులాబీ మొగ్గలా ముడుచుకుని ఉంటుంది. విప్పితే లోపల పురుగు. కాయ చూస్తే పైకి నున్నగా ఉంటుంది, పగలగొడితే గులాబీ రంగు పురుగు గింజ తింటూ, దూది మరక పట్టి ఉంటుంది. విషం ఉన్న కాయలో విషానికి చావాల్సిన పురుగు హాయిగా తింటోంది. ఆ ఏడాది మా మూడెకరాల్లో కూలి డబ్బులు కూడా రాలేదు. విత్తనం దొంగదని షాపు వాడితో కొట్లాడినాను.

తర్వాత ఒక వ్యవసాయ అధికారి కూర్చోబెట్టి చెప్పినాడు. లక్ష పురుగుల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే ఆ విషాన్ని తట్టుకునేవి ఉంటాయి. మామూలు పురుగులన్నీ చస్తే మిగిలేవి అవే, జతకట్టేవీ అవే, పిల్లలు పెట్టేవీ అవే. ఆ చిన్న పాకెట్ ఎందుకంటే, అందులో మామూలు పురుగులు కొన్ని బతికి, తట్టుకునేవాటితో కలవాలని. అప్పుడు పుట్టే పిల్లలకి తట్టుకునే గుణం పలచబడుతుంది. గులాబీ పురుగుకి పత్తి తప్ప వేరే తిండి పెద్దగా లేదు కాబట్టి అవతల ఇంకో పంట ఉన్నా లాభం లేదు. మేం ఆ పాకెట్ పారేసి, జనవరి దాటినా చేను పీకకుండా ఉంచి, మా చేతులతో మేమే గట్టి పురుగుని ఏరి పెంచుకున్నాం.

ఆ పురుగు ఏ ఒక్కటీ మారాలని అనుకోలేదు. బతికింది మిగిలింది, అంతే. దీన్నే ప్రకృతి వరణం అంటారని మా పాప పుస్తకంలో చూసి తెలుసుకున్నాను. నేను దేవుణ్ణి నమ్ముతాను సార్, ఎల్లమ్మకి కోడి కోస్తాను. కానీ పురుగు మారదని మాత్రం నా ముందర ఎవరూ అనకూడదు.

నిర్మొహమాటం (ప్రొద్దుటూరు) – సోమవారం, మధ్యాహ్నం 1:15

పత్తిచేను అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అయినా నా మాట వేరు, చెప్పకుండా ఉండలేను.

ఈ చర్చ ఎటు పోతోందో కనపడుతోంది. పరిణామం చదవండి, నాస్తికత్వం జోలికి పోకండి, ఇంట్లో గొడవెందుకు అని. నేను ఒప్పుకోను. మా పెద్దమ్మ కొడుకు, నాకన్నా రెండేళ్ళు చిన్నవాడు, వేరుశనగ పీకేటప్పుడు పాము కరిచింది. మంత్రం వేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళారు. పసరు పోశారు, వేపమండలతో కొట్టారు, తెల్లారేదాకా నిద్రపోనివ్వలేదు. విషానికి మందు ఇంజెక్షన్ రూపంలో గంట దూరంలోని ఆస్పత్రిలో ఉంది. పొద్దున తీసుకెళ్ళేసరికి ఊపిరి అందడం లేదు. పందొమ్మిదేళ్ళు వాడికి. ఆ మంత్రగాడి ఇంటికి మా ఊరివాళ్ళు ఇప్పటికీ వెళ్తున్నారు. "వాడి ఆయుష్షు అంతే" అన్నారు మా పెద్దమ్మతో, ఆమె కూడా అదే నమ్మింది.

ఆ కోపానికి నాకు మాటలు దొరికింది పరిణామం పుస్తకాల్లో కాదు. కార్ల్ సేగన్ 1995లో రాసిన 'ద డీమన్-హాంటెడ్ వరల్డ్'లో, తర్వాత డాకిన్స్‌లో. ఒక మాట నిజమా కాదా అని ఎలా అడగాలో, ఎవరు చెప్పినా ఎందుకు అడగాలో వాటిలో నేర్చుకున్నాను.

ఇది పరాయి దేశపు సరుకు కూడా కాదు. రాళ్ళకి గుళ్ళు కట్టి మొక్కడమేమిటని మన వేమన ఎప్పుడో అడిగాడు. ఆయన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా గారు వృక్షశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకి మార్చారు. ఆయన దేవుడు లేడనడంతో ఆగలేదు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు, కూతురికి దళిత యువకుడితో పెళ్ళి చేశారు. నాస్తికత్వం అంటే నాకు అది.

బురుజుకాడ గారూ, మీరు అన్న మాట తప్పు కాదు. అన్న చోటు తప్పు కావచ్చు.

పెద్దదర్గావీధి (కడప) – సోమవారం, రాత్రి 8:05

నిర్మొహమాటం, మీ తమ్ముడి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ కోపం న్యాయమైనది. మంత్రగాణ్ణి ఆపాలంటే నాస్తికులే కానక్కర్లేదు, నాలాంటివాళ్ళం కూడా మీ పక్కన నిలబడతాం.

నేను జువాలజీ చెప్తాను, పద్దెనిమిదేళ్ళ నుంచి. ఐదు పూటలా నమాజు చేస్తాను. ఈ రెండూ ఎలా కుదురుతాయని నన్ను అడగని బ్యాచ్ లేదు. అందుకని ఇందులో నాకు కొంచెం అనుభవం ఉంది.

మొదటిది, వేమన. ఆయన రాళ్ళ పూజని ప్రశ్నించాడు, నిజమే. కానీ దేవుణ్ణి లోపల వెతకమన్నాడు. మా కడపలో పనిచేసిన బ్రౌన్ దొర ఆయన పద్యాలు పోగుచేసి 1829లో అచ్చువేయించాడు. వాటిని మొత్తంగా చదివితే ఆయన్ని నాస్తికుల జాబితాలో వేయలేం.

రెండోది, డార్విన్. ఈయన గురించి మావైపు, మీవైపు కూడా తప్పులు చెప్తారు. ఆయన కేంబ్రిడ్జిలో చదివింది చర్చిలో మతాధికారి కావడానికి. 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడ మీద తిరిగి వచ్చాక కూడా ఆ నమ్మకం ఒక్కసారిగా పోలేదు, మెల్లగా కరిగింది. 1851లో పదేళ్ళ కూతురు ఆనీ చనిపోవడం ఆయన్ని బాగా దెబ్బతీసింది. 1879లో ఒకరు అడిగితే రాసిన ఉత్తరంలో, మనిషి గట్టి ఆస్తికుడై ఉండి కూడా పరిణామాన్ని ఒప్పుకోవచ్చని, తాను మాత్రం ఎప్పుడూ నాస్తికుణ్ణి కాలేదని, అజ్ఞేయవాది (దేవుడు ఉన్నాడో లేడో తెలుసుకోలేం అనేవాడు) అన్న మాట తనకి సరిపోతుందని చెప్పుకున్నాడు.

ఆయన భార్య ఎమ్మాకి దైవభక్తి ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో భర్త నమ్మకం పోతోందని, చనిపోయాక ఇద్దరం చెరో దారి అవుతామేమోనని దిగులుపడుతూ ఆయనకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని చచ్చేదాకా దాచుకున్నాడు. ఆ కాగితం మీదే, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని రాసుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు మార్చుకోలేదు. పదిమంది పిల్లల్ని కన్నారు, ఆయన పోయేదాకా కలిసి ఉన్నారు. బురుజుకాడ గారూ, మీ నాయనకి డార్విన్ సిద్ధాంతం చెప్పేముందు ఈ ఉత్తరం సంగతి చెప్పండి.

మీరు అడిగిన వరస విషయం. 'ద గాడ్ డెల్యూజన్' జీవశాస్త్ర పుస్తకం కాదు. అది వాదన. అదే డాకిన్స్ 1986లో రాసిన 'ద బ్లైండ్ వాచ్‌మేకర్', 2009లో రాసిన 'ద గ్రేటెస్ట్ షో ఆన్ అర్త్' జీవశాస్త్రం. మొదటిది చదివి రెండోవాటిని వదిలేస్తే తీర్పు చదివి సాక్ష్యం చదవనట్టు. పరిణామం లేకుండా జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జీవశాస్త్రవేత్త డోబ్జాన్‌స్కీ క్రైస్తవ విశ్వాసి. మానవ జీనోమ్ ప్రాజెక్టుకి నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ కూడా విశ్వాసే, ఆయన పుస్తకం 'ద లాంగ్వేజ్ ఆఫ్ గాడ్' సరిగ్గా 2006లోనే వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం భాగం తీసేశారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దని సంతకాలు చేశారు. పన్నెండో తరగతిలో ఉంది కదా అన్నారు. పన్నెండులో జీవశాస్త్రం తీసుకునేది ఎంతమంది? మిగతా పిల్లలంతా ఆ మాట వినకుండానే బడి దాటిపోతారు. నాకు ఆస్తిక నాస్తిక గొడవ కంటే ఇది పెద్ద దిగులు.

శేషాచలం (రాజంపేట) – సోమవారం, రాత్రి 9:30

ఒక సందేహం. మన దశావతారాల్లోనే పరిణామం ఉంది కదా? మత్స్యం నీళ్ళలో, కూర్మం నీళ్ళలో నేల మీద, వరాహం నేల మీద, నరసింహుడు సగం మృగం, వామనుడు పొట్టి మనిషి. నాయన అహోబిలం భక్తుడు కాబట్టి ఇలా చెప్తే తేలిగ్గా ఎక్కుతుంది.

టవర్‌క్లాక్ (అనంతపురం) – సోమవారం, రాత్రి 10:10

శేషాచలం గారూ, వరస చూస్తే ముచ్చటగానే ఉంటుంది. హాల్డేన్ లాంటి పెద్ద జీవశాస్త్రవేత్త కూడా ఆ పోలికని గమనించాడు. కానీ దానితో నేర్పించడం మొదలుపెడితే ముందుకి పోలేం. అవతారాల్లో ఒకే దేవుడు వేర్వేరు రూపాల్లో దిగుతాడు. చేప సంతానం తాబేలు కాలేదు, తాబేలు సంతానం పంది కాలేదు. పరిణామంలో అసలు సంగతి సంతానమే. తల్లికీ బిడ్డకీ మధ్య కనపడనంత చిన్న తేడా, అలాంటివి కోట్ల తరాలు. పైగా అది నిచ్చెన కాదు, మర్రిచెట్టు. చేప మనిషి కావడానికి ఎదురుచూస్తూ ఆగిపోలేదు, ఇప్పటి చేప కూడా మనలాగే ఇవాళ్టి కొమ్మ చివర ఉంది. నిచ్చెన బొమ్మ మనసులో పడితే మళ్ళీ కోతులు ఎందుకున్నాయన్న ప్రశ్న దగ్గరికే వస్తాం.

అవతార కథ భక్తికి చెప్పిన కథ. దానికి సైన్సు సర్టిఫికెట్ అవసరం లేదు.

గొర్రెలమంద (ధర్మవరం) – మంగళవారం, ఉదయం 11:20

నేను పశువైద్యంలో ఉన్నాను. పుస్తకాల్లో జిరాఫీ మెడ నరం గురించి చదువుతారు కదా, డాకిన్స్ 2009 పుస్తకంలో జిరాఫీని కోసి చూసినప్పటి వర్ణన ఉంది. దానికి జిరాఫీ అక్కర్లేదు. గొర్రెలో చూడొచ్చు. పోస్టుమార్టం చేసేటప్పుడు నేను ప్రతిసారీ వెతుకుతాను.

గొంతు పెట్టెని కదిలించే నరం అది. మెదడు నుంచి బయల్దేరిన పెద్ద నరంతో కలిసి మెడ వెంట కిందికి దిగుతుంది. గొంతు పక్కనుంచే పోతుంది, కానీ ఆగదు. ఎడమవైపుది ఛాతీలోకి వెళ్ళి, గుండె దగ్గర బృహద్ధమని కిందుగా మలుపు తిరిగి, శ్వాసనాళం పక్కగా మళ్ళీ పైకి వచ్చి గొంతుకి చేరుతుంది. తెల్లగా దారంలా ఉంటుంది, వేలితో లాగితే ఆ మలుపు స్పష్టంగా కదులుతుంది. పక్కింటికి వెళ్ళడానికి గుంతకల్లు వెళ్ళి రైలు మారి వచ్చినట్టు. గొర్రెలో మూరెడు చుట్టు, జిరాఫీలో కొన్ని మీటర్లు.

చేపలో ఆ నరం దారి సూటిగానే ఉంటుంది, మొప్పల దగ్గర రక్తనాళం వెనకగా. మెడ లేదు కాబట్టి చుట్టు లేదు. మెడ పొడుగై గుండె కిందికి జరిగినకొద్దీ ఆ నరం రక్తనాళానికి చిక్కుకుని సాగుతూ వచ్చింది. కొత్తగా కూర్చుని గీసినవాడు ఎవడూ ఇలా గీయడు. పాత ఇంటికే గదులు కలుపుకుంటూ పోతే కరెంటు వైరు ఎలా తిరుగుతుందో అలా ఉంటుంది.

నాకు ఏ పుస్తకం కంటే ఆ దారమే ఎక్కువ నమ్మకం ఇచ్చింది. దేవుడి సంగతి నేను ఇంకా తేల్చుకోలేదు.

నాపరాయి (బేతంచర్ల) – మంగళవారం, రాత్రి 7:45

ఇంత చర్చ జరుగుతుంటే మన బేతంచర్ల మాట ఎవరూ ఎత్తకపోతే ఎలా అన్నా!

నేను బండల పాలిష్ యూనిట్లో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. రోజుకి ఎన్ని బండల మీద చెయ్యి రాస్తానో లెక్కలేదు. పాలిష్ పట్టాక తడిపి చూస్తే పొరలు పొరలుగా గీతలు కనపడతాయి, సముద్రం అడుగున బురద పేరుకున్న గీతలవి. కానీ ఇన్నేళ్ళలో ఒక్క చేప ముల్లు, ఒక్క గవ్వ, ఒక్క ఎముక చూడలేదు. ఒకసారి జియాలజీ విద్యార్థులతో వచ్చిన మాస్టారిని ఎందుకని అడిగాను. ఆ బురద పేరుకున్న రోజుల్లో భూమి మీద ఎముక ఉన్న జీవి అనేదే ఇంకా పుట్టలేదు, అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అంత పాత సముద్రం మీద రోజూ చెప్పులతో నడుస్తున్నాం కదా అని.

పరిణామం తప్పని ఒప్పుకోవడానికి ఏం చూపించాలని అడిగితే, కేంబ్రియన్ కాలానికి (సుమారు 54 కోట్ల ఏళ్ళ కిందట మొదలైంది) ముందటి రాతిలో కుందేలు ఎముక చూపించండని హాల్డేన్ అన్నాడని చెప్తారు. ఆయన 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన అడిగిన రాయి మా యూనిట్లో రోజూ కోస్తున్నాం. కుందేలు రాలేదు. వేంపల్లె వైపు రాళ్ళు ఇంకా పాతవి, 180 కోట్ల ఏళ్ళు పైబడినవి. వాటిలో స్ట్రొమటోలైట్లు ఉంటాయి, కంటికి కనపడని సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టిన గుండ్రటి గుర్తులు. కోసిన ఉల్లిగడ్డలా కనపడతాయి.

ఎముకలు కావాలంటే అదే రాతిలో చాలా తర్వాత ఏర్పడిన గుహల మట్టిలో వెతకాలి. బిల్లసర్గం గుహల పేరు వినే ఉంటారు, మా ఊరి దగ్గరే. డార్విన్ తరఫున ఊరూరా వాదించిన థామస్ హక్స్‌లీ ఉన్నాడు చూడండి, అజ్ఞేయవాదికి ఇంగ్లీషులో అగ్నాస్టిక్ అనే మాట 1869లో పుట్టించిన మనిషి, ఆయనే ఈ కర్నూలు గుహలని తవ్వించమని అప్పటి మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కి చెప్పాడు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ 1884, 85ల్లో తవ్వారు. దొరికిన ఎముకలని శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ పరీక్షించి 1886లో ప్రకటించాడు. అందులో ఒక ఖడ్గమృగానికి మన కర్నూలు పేరే పెట్టాడు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్. మన కొండల్లో ఖడ్గమృగాలు తిరిగాయి అన్నా!

ఇంకోటి, జ్వాలాపురం. 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిసిన బూడిద ఇక్కడ జుర్రేరు లోయలో పడి అలాగే ఉంది. ఆ బూడిద పొరకి కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిసెట్టర్ గారు, మైకేల్ పెట్రాగ్లియా బృందం. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా మనుషులు ఇక్కడ ఉన్నారన్నమాట. వాళ్ళు సరిగ్గా మన జాతివాళ్ళేనా, ఇంకా పాత మనుషులా అన్న దాని మీద పండితుల మధ్య వాదన ఉంది. ఆ బూడిదని సబ్బుపొడి కోసం తవ్వి అమ్ముకున్నారు. ఎంత పోయిందో తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

నాయనని తీసుకుని రండి. నేను చూపిస్తాను.

నిర్మొహమాటం (ప్రొద్దుటూరు) – మంగళవారం, రాత్రి 9:10

మేడమ్, వేమన గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నేను నాకు కావలసిన పద్యాలే పట్టుకున్నాను. ఎమ్మా ఉత్తరం సంగతి నాకు తెలియదు. డార్విన్ మీద ఇన్ని పుస్తకాలు చదివి కూడా దాన్ని ఎలా దాటిపోయానో.

కానీ ఒకటి వదలను. ఇంటి శాంతి కోసం అన్నిటికీ తల ఊపితే మా తమ్ముడి లాంటివాళ్ళు పోతూనే ఉంటారు. బురుజుకాడ గారూ, నాయనతో రాజీపడండి, నిజంతో పడకండి.

బురుజుకాడ (కర్నూలు) – పదిహేను రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 10:30

ఆలస్యంగా రాస్తున్నందుకు అందరూ క్షమించాలి. మా సెకండియర్ పిల్లల పరీక్షలు.

'నరావతారం' పాత కాపీ ఒకటి తెలిసినవాళ్ళ దగ్గర దొరికింది. నాయనకి ఇచ్చాను. ఆయన రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పైకి చదువుతాడు, అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ వింటుంది. ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ చెయ్యి పట్టుకుని చూపిస్తున్నాడు: పైన ఒక ఎముక, మోచేతి కింద రెండు, మణికట్టులో బోలెడు, తర్వాత వేళ్ళు. షూబిన్ పుస్తకంలోది, నేను ముందురోజు చెప్పాను. "గబ్బిలానికీ ఇంతేనంట, మేకకీ ఇంతేనంట" అని చెప్తున్నాడు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని "అవునా" అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

పత్తిచేను అన్న రాసింది చదివి వినిపించాను. చాలాసేపు ఊరుకుని, మా చిన్నాయన కూడా ఆ పాకెట్లు పారేసేవాడన్నాడు.

ఎమ్మా ఉత్తరం సంగతి నిన్న చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతే సరిగా రాలేదు. నాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు: "ఇంత చదివినా గానీ, దేవుడు లేడని ఇందులో యాడా రాయలేదే?"

"ఇందులో లేదు నాయనా. ఆ మాట నాది. ఇప్పుడూ అదే అనుకుంటున్నా" అన్నాను.

"నువ్వనుకునేది నాకు అప్పుడే తెలుసులేరా. ఆ పొద్దు మీ బావ ముందర అన్నావే, అదే" అన్నాడు.

క్షమించమని అడిగాను. అహోబిలంలో అడగాల్సింది, పది నెలలు పట్టింది.

నిర్మొహమాటం గారూ, మీరు చివర రాసిన మాట గుర్తుంది. మా వీధిలో ఒకాయన పచ్చకామెర్లకి ఆకు కట్టించుకోవడానికి పోతుంటే నాయనే ఆపి, ముందు రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. ఇది నేను చెప్పింది కాదు, ఆయనకి ముందునుంచీ ఉన్న బుద్ధే. నేనే చూడలేదు.

నాపరాయి అన్నా, వచ్చే ఆదివారం బిల్లసర్గం వస్తున్నాం. నాయన, నేను, మా చెల్లెలి కొడుకు. హక్స్‌లీ తవ్వించిన గుహ చూడాలని ఆయనకే ఎక్కువ తొందర. తిరుగు దారిలో యాగంటి బసవన్న దగ్గర ఆపమన్నాడు. నేను కారు దిగుతాను. దండం పెట్టను, ఆ సంగతి ఆయనకి చెప్పాను. "పెట్టొద్దులే, చెప్పులు చూసుకుంటా నిలబడు" అన్నాడు.

నాపరాయి (బేతంచర్ల) – ఆదివారం, రాత్రి 10:50

రండి రండి. ఎండ ఎక్కకముందే, ఎనిమిదికల్లా స్టేషన్ దగ్గర ఉంటాను. రెండు టార్చిలైట్లు తెచ్చుకోండి, నీళ్ళు మాత్రం ఎక్కువ తెచ్చుకోండి, అక్కడ దొరకవు. నాయనకి పట్టున్న చెప్పులు వేయించండి, రాళ్ళు జారతాయి. పిల్లవాడికి ఉల్లిగడ్డ గుర్తులున్న వేంపల్లె రాయి ముక్క ఒకటి తీసి పెట్టాను.